చెరోకీ మూలాలు వెతకడం ఎలా: ఇవాళ్టి నుంచి వెనక్కి, ఒక్కో తరం చొప్పున

పిల్లలు అమెరికాలో అక్కడివాళ్లనే పెళ్లి చేసుకున్న ఇళ్ల నుంచి నాకు తరచూ ఒక ప్రశ్న వస్తుంటుంది. "మా కోడలి ముత్తవ్వ చెరోకీ అట. మనవడి కోసం వంశవృక్షం వేద్దామనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?" చెరోకీలంటే అమెరికా మూలవాసుల్లో ఒక జాతి. మా ఇంట్లోనూ ఇదే కథ. మా కోడలి వైపు కాగితాల కోసం రెండేళ్లు తిరిగాను. నేను చేసిన తప్పులు కూడా కింద రాశాను, మీరు మళ్లీ చేయకుండా.

మొదటే ఒక మాట. చెరోకీని వెతకొద్దు, మీ మనిషిని వెతకండి. ఆ మనిషి ఏ ఏడాది ఏ ఊళ్లో ఉన్నారో తెలిస్తే ఏ జాబితా తెరవాలో దానంతట అదే తెలుస్తుంది. ముందే చెరోకీ జాబితా తెరిచి అందులో మన ఇంటిపేరు ఉందా అని చూడటం మొదలుపెడితే ఎవరో ఒకరు దొరికి తీరతారు. చిక్కంతా అక్కడే.

## 1. మీకు కావలసింది వంశవృక్షమా, పౌరసత్వమా?

ఈ రెండూ వేరు. వంశవృక్షానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పౌరసత్వం మాత్రం తెగ ప్రభుత్వం ఇచ్చేది, దాని నియమాలు దానివి. అమెరికా ఫెడరల్ ప్రభుత్వం గుర్తించిన చెరోకీ తెగలు మూడే:

- చెరోకీ నేషన్, ఓక్లహోమాలోని తాలెక్వా కేంద్రంగా. డాస్ రోల్స్‌లో (భూమి పంచడానికి రాసిన పేర్ల పట్టీలో) ఉన్న పౌరుడి నేరు వారసులని కాగితాలతో చూపాలి. రక్తం ఇంత శాతం ఉండాలన్న నియమం లేదు.
- యునైటెడ్ కిటూవా బ్యాండ్, ఇదీ తాలెక్వాలోనే. కనీసం నాలుగో వంతు చెరోకీ రక్తం చూపాలి.
- ఈస్టర్న్ బ్యాండ్, నార్త్ కరొలైనాలోని చెరోకీ పట్టణంలో. 1924 నాటి బేకర్ రోల్‌లో నేరు పూర్వీకులు ఉండాలి, కనీసం పదహారో వంతు రక్తం ఉండాలి.

వీటిలో దేనికీ సరిపోకపోయినా మీ వంశవృక్షానికి వచ్చే నష్టమేమీ లేదు. అయితే "మేం చెరోకీలం" అనడానికీ "మా పూర్వీకుల్లో ఒకరు చెరోకీ అని కాగితాల్లో ఉంది" అనడానికీ తేడా ఉంది. చెరోకీలు దీన్ని చాలా పట్టించుకుంటారు. 2010 జనాభా లెక్కల్లో 8 లక్షలమందికి పైగా తమలో చెరోకీ అంశ ఉందని రాసుకున్నారు. మూడు తెగల పౌరులను కలిపినా అంతమంది లేరు. అంటే ఇంటి కథలు ఎన్నో ఊహించుకోండి.

## 2. మొదటి వారం: ఇంట్లో పెద్దవాళ్లతో

కంప్యూటర్ తెరవకండి. వియ్యపురాలికి ఫోన్ చేయండి. ఆవిడ మేనత్తలు, పిన్నమ్మలు ఎవరైనా ఉంటే ముందు వాళ్లతో మాట్లాడండి. ఎనభై దాటిన మనిషి వచ్చే నెలకు ఉంటారో లేదో, ఆర్కైవ్స్ మాత్రం ఎక్కడికీ పోవు.

"మీరు చెరోకీలేనా?" అని అడగొద్దు. ఇలా అడగండి:

- మీ అమ్మమ్మ ఎక్కడ పుట్టింది? చివరికి ఎక్కడ పోయింది, సమాధి ఏ ఊళ్లో ఉంది?
- పెళ్లికి ముందు ఆమె ఇంటిపేరేంటి?
- తోబుట్టువులు ఎంతమంది? చిన్నప్పుడే పోయినవాళ్లున్నారా?
- చెరోకీ అన్న మాట ఎవరు చెప్పగా విన్నారు? ఆ చెప్పినవాళ్లకు ఎవరు చెప్పారు?
- కుటుంబ బైబిల్, పాత ఉత్తరాలు, భూమి పత్రాలు ఎవరి దగ్గరున్నాయి?

మనవాళ్లకు ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. ఇంగ్లిష్‌లో "ఆంట్" అంటే పిన్నో, మేనత్తో, మేనమామ భార్యో తెలియదు. మీరు నోట్సు తెలుగులో రాసుకోండి. ఆ పదం దగ్గర ఆగి "అమ్మ వైపా, నాన్న వైపా?" అని అడగక తప్పదు కాబట్టి, సగం తికమక అక్కడే తీరిపోతుంది.

పాత చెరోకీ సాక్ష్యాలు చదివేటప్పుడూ ఇది పనికొస్తుంది. వాళ్ల సంప్రదాయంలో తల్లి అక్కచెల్లెళ్లు కూడా తల్లులే, మన పెద్దమ్మ, చిన్నమ్మల్లాగే. వాళ్ల పిల్లలు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ. కాగితంలో "బ్రదర్" అని ఉంటే సొంత తమ్ముడే అనుకోకండి, పిన్ని కొడుకు కావచ్చు.

## 3. అంకెలతో చెట్టు వేయండి

మీరు ఎవరి వంశం వేస్తున్నారో వాళ్లకు 1. తండ్రికి 2, తల్లికి 3. ఆ పైన ఎవరి తండ్రికైనా వాళ్ల అంకెకు రెట్టింపు, తల్లికి ఆ రెట్టింపుకు ఒకటి ఎక్కువ. అంటే తల్లి తల్లి 7, ఆమె తల్లి 15. ఒకటో అంకెను వదిలేస్తే సరి అంకెలన్నీ మగవాళ్లు, బేసి అంకెలన్నీ ఆడవాళ్లు. కాగితం మీద అంకె వేసిపెట్టుకుంటే నలుగురు "మేరీ"లున్నా కలగాపులగం కాదు.

ప్రతి మనిషికీ ఒక పేజీ. పేజీలో మూడు గడులు: విన్నది, కాగితంలో చూసింది, రుజువైంది. ఒక మనిషికీ ఆయన తల్లిదండ్రులకూ ఉన్న బంధం కాగితం మీద కనిపించేదాకా మూడో గడిలో ఏమీ రాయొద్దు. ఆ గడి ఖాళీగా ఉండగా పై తరానికి వెళ్లొద్దు. ఈ ఒక్క నియమం పాటిస్తే మిగతావన్నీ దారిలో పడతాయి.

బతికున్నవాళ్ల పుట్టినతేదీలు, చిరునామాలు ఆన్‌లైన్ చెట్లలో పెట్టకండి. వియ్యాలవారితో మాట పట్టింపులు రావడానికి అదొక్కటి చాలు.

## 4. 1950 నుంచి 1900 దాకా: మామూలు అమెరికా కాగితాలు

ఈ యాభై ఏళ్లలో చెరోకీ కాగితాల పని పెద్దగా ఉండదు. పుట్టుక, మరణం, పెళ్లి సర్టిఫికెట్లు, జనాభా లెక్కలే ఆధారం.

అమెరికా జనాభా లెక్కల్లో పేర్లు 72 ఏళ్ల తర్వాతే బయటపెడతారు. 1950వి 2022 ఏప్రిల్‌లో వచ్చాయి. అక్కడ మొదలుపెట్టి 1940, 1930, 1920, 1910, 1900 అని వరసగా దిగండి. ఒక్కటి కూడా దాటేయొద్దు. ఫ్యామిలీసెర్చ్‌లో (వంశవృక్షాల వెబ్‌సైట్) ఇవి ఉచితంగా చూడొచ్చు.

చూసుకోవాల్సినవి:

- ప్రతి లెక్కలోనూ పక్కింటివాళ్ల పేర్లు కూడా రాసుకోండి. ఆ రోజుల్లో చుట్టాలు పక్కపక్కనే ఉండేవాళ్లు.
- జాతి గడిని నమ్ముకోకండి. 1950 దాకా అది ఇంటికొచ్చిన ఉద్యోగి రాసుకున్నదే. ఒకే మనిషి ఒక లెక్కలో తెల్లవాడు, ఇంకోదాంట్లో ఇండియన్ (అంటే అమెరికా మూలవాసి) కావచ్చు.
- 1900, 1910 లెక్కల్లో ఇండియన్ కుటుంబాలకు విడి ఫారాలు ఉన్నాయి. తెగ పేరు, తల్లి తెగ, తండ్రి తెగ అందులో రాశారు.
- జనన మరణాల నమోదు ఓక్లహోమాలో 1908లో, నార్త్ కరొలైనాలో 1913లో, ఆర్కన్సాలో 1914లో, జార్జియాలో 1919లో మొదలైంది. మొదట్లో అందరూ నమోదు చేయించుకోలేదు. అంతకుముందు పుట్టినవాళ్ల సర్టిఫికెట్ దొరకలేదని టెన్షన్ పడకండి. మరణ సర్టిఫికెట్‌లో తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి.

1890 లెక్కలు చాలామటుకు లేవు, 1921లో జరిగిన అగ్నిప్రమాదంలో పోయాయి. అప్పటికి మీ కుటుంబం ఇండియన్ టెరిటరీలో (ఇప్పటి ఓక్లహోమాలో) ఉంటే చెరోకీ నేషన్ సొంతంగా తీసిన 1880, 1890, 1896 లెక్కలు ఆ లోటు తీరుస్తాయి.

## 5. ఊరూ ఏడాదీ చూసి రోల్ ఎంచుకోండి

రోల్ అంటే మన రేషన్ కార్డుల జాబితా లాంటిది. ఏదో ఒకటి పంచడానికి రాసిన పేర్ల పట్టీ. ఒకటి భూమికి, ఒకటి డబ్బుకు, ఇంకొకటి తరలింపుకు. ఎందుకు రాశారో తెలిస్తే అందులో మీ మనిషి ఉండే అవకాశం ఉందో లేదో ముందే అంచనా వేయొచ్చు.

1838-39లో చెరోకీలను తూర్పు నుంచి బలవంతంగా పడమటికి, ఇప్పటి ఓక్లహోమాకు తోలేశారు. అందుకే ఆ తర్వాతి రోల్స్ రెండు పాయలు.

పడమట ఉన్నవాళ్లకు: తరలింపుకు ముందే వెళ్లి స్థిరపడ్డవాళ్లకు ఓల్డ్ సెట్లర్ రోల్, 1851. తరలింపులో వచ్చినవాళ్లకు అదే కాలపు డ్రెన్నెన్ రోల్. తర్వాత 1880, 1890, 1896 లెక్కలు. చివర డాస్ రోల్స్.

తూర్పున మిగిలినవాళ్లకు: ముల్లే రోల్ 1848, సైలర్ రోల్ 1851, చాప్‌మన్ రోల్ 1852, హెస్టర్ రోల్ 1883, బేకర్ రోల్ 1924.

రెండు వైపులవాళ్లకూ: 1906 నుంచి 1909 దాకా తయారైన గయన్ మిల్లర్ రోల్.

తరలింపుకు ముందు: 1835 నాటి హెండర్సన్ రోల్. జార్జియా, టెన్నెసీ, అలబామా, నార్త్ కరొలైనాల్లో అప్పటి చెరోకీ నేల మీద ఉన్న ఇంటి యజమానుల పేర్లు ఇందులో ఉన్నాయి. ఇంట్లో మిగతావాళ్లు పేర్లుగా కాదు, సంఖ్యలుగానే ఉంటారు.

కుటుంబంలో నల్లజాతి వారుంటే ఇంకో దారి కూడా చూడాలి. చెరోకీలు కూడా బానిసలను పెట్టుకున్నారు. అమెరికా ప్రభుత్వంతో 1866లో కుదిరిన ఒప్పందం విముక్తులైన ఆ బానిసలకు చెరోకీ పౌరసత్వం ఇచ్చింది. వాళ్లను డాస్ రోల్స్‌లో ఫ్రీడ్‌మెన్ అన్న విడి జాబితాలో రాశారు, చెరోకీ రక్తం ఉన్నా ఆ వివరం రాయలేదు. అంతకుముందువి 1890ల నాటి వాలెస్ రోల్, కెర్న్-క్లిఫ్టన్ రోల్. వారి వారసులకు పౌరసత్వ హక్కు ఉందని 2017లో ఫెడరల్ కోర్టు తీర్పు ఇచ్చింది.

మీ పటం మీద ఒక గీత గీసి చూడండి. 1835లో మీ కుటుంబం ఎక్కడుంది? 1851లో ఎక్కడుంది? 1900లో? మూడింటికీ చెరోకీ నేలకు దూరంగా కెంటకీ అనో, వర్జీనియా తీరం అనో జవాబొస్తే ఈ రోల్స్‌లో వాళ్లు దొరికే అవకాశం చాలా తక్కువ.

## 6. డాస్ కార్డు చదవడం

1898 నుంచి 1906 దాకా దరఖాస్తులు తీసుకుని, ఉమ్మడి భూమిని మనిషికింత అని పంచడానికి తయారుచేసిన జాబితా ఇది. చెరోకీ నేషన్‌లో ఒక్కొక్కరికి సగటు నేల 110 ఎకరాల విలువ చేసే భూమి లెక్కగట్టారు. ఇండియన్ టెరిటరీలో నివాసం ఉండటం తప్పనిసరి. జార్జియాలోనో టెక్సస్‌లోనో ఉంటూ రాసుకున్నవాళ్ల దరఖాస్తులు నిలవలేదు.

ఓక్లహోమా హిస్టారికల్ సొసైటీ సైట్‌లో పేరుతో ఉచితంగా వెతకొచ్చు. కార్డుల స్కాన్లు నేషనల్ ఆర్కైవ్స్ కేటలాగ్‌లో ఉన్నాయి. మనిషి పేరు దొరకగానే రెండు అంకెలు కనిపిస్తాయి. రోల్ నంబర్ ఆ మనిషిది, కార్డు నంబర్ ఆ కుటుంబానిది. ఒకే కార్డు నంబర్‌తో మళ్లీ వెతికితే ఇంట్లోవాళ్లందరూ బయటికొస్తారు.

కార్డు తెరిచాక ఈ వరసలో చూడండి:

1. పైన: డిస్ట్రిక్ట్, పోస్టాఫీసు. కూవీస్‌కూవీ, గోయింగ్ స్నేక్, ఫ్లింట్ లాంటి పేర్లుంటాయి. జనాభా లెక్కలో ఊరితో సరిపోవాలి.
2. పేర్ల వరస: మొదటి పేరు ఇంటి యజమానిది. పక్క గడిలో మిగతావాళ్లు ఆయనకు ఏమవుతారో ఉంటుంది.
3. వయసు, రక్తం భాగం. ఈ రక్తం లెక్క చాలాచోట్ల గుమస్తా అంచనాయే. సొంత అన్నదమ్ములకే వేర్వేరుగా రాసిన కార్డులున్నాయి.
4. కుడివైపు: 1880, 1896 జాబితాల్లో ఈ మనిషి ఏ డిస్ట్రిక్ట్‌లో, ఏ నంబర్ కింద ఉన్నారో. వెనక్కి వెళ్లే తలుపు ఇదే.
5. కింది సగం: తల్లి పేరు, తండ్రి పేరు. చాలామంది స్కాన్‌లో పైభాగం ప్రింట్ తీసుకుని ఇది వదిలేస్తారు.
6. అట్టడుగున చేతిరాత: "1880 జాబితాలో ఫలానా పేరుతో ఉంది", "చనిపోయారు" లాంటి ముక్కలు. భూతద్దం పెట్టి చదవండి.

కార్డు నంబర్ ముందు "డి" ఉంటే అనుమానం, "ఆర్" ఉంటే తిరస్కారం. ఇంటర్‌మ్యారీడ్ వైట్ అని ఉంటే చెరోకీని పెళ్లాడిన తెల్లవారు. ఆ మనిషి ఒక్కరి ద్వారా పౌరసత్వం రాదు, జీవిత భాగస్వామి పేరు చూడండి.

కార్డుతో ఆపేయకండి. ప్రతి కార్డు వెనకా ఒక దరఖాస్తు పొట్లం ఉంది. అందులో ప్రశ్నలు, జవాబులు, పిల్లల పుట్టుక మీద మంత్రసాని ఇచ్చిన అఫిడవిట్లు కూడా ఉండొచ్చు.

## 7. మిల్లర్ దరఖాస్తు: తిరస్కరించినా బంగారమే

1905లో కోర్టు తీర్పుతో, తరలింపుకు ముందు తూర్పున ఉన్న చెరోకీల వారసులకు డబ్బు పంచాలని తేలింది. మిల్లర్ రోల్ ఆ డబ్బు కోసం తయారైందే. దరఖాస్తుకు 1907 ఆగస్టు 31 గడువు. సుమారు 46 వేల దరఖాస్తులు వచ్చాయి. అడిగినవాళ్లలో మూడింట ఒక వంతుకే డబ్బు అందింది.

దరఖాస్తులో ఉన్నవి చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఇంగ్లిష్ పేరు, చెరోకీ పేరు, తల్లిదండ్రులు, రెండు వైపుల తాతలు, నాయనమ్మ, అమ్మమ్మలు, బాబాయిలు, మేనమామలు, 1851లో తల్లిదండ్రులు ఎక్కడున్నారు అన్నీ అడిగారు.

నేను బోల్తాపడింది ఇక్కడే. మా కోడలి ముత్తాత పేరుతో దరఖాస్తు దొరికింది. ఆర్కన్సా నుంచి పెట్టుకున్నాడు. భార్య పేరు, పిల్లల వయసులు అన్నీ కలిశాయి. ఆ రాత్రే వియ్యపురాలికి ఫోన్ చేసి చెప్పేశాను. మూడు నెలల తర్వాత తీరిగ్గా చివరి పేజీ దాకా చదివితే తెలిసింది, తిరస్కరించారని. ఆయనా, ఆయన తల్లిదండ్రులూ ఏ జాబితాలోనూ లేరు. 1851లో వాళ్లు ఉన్నది మిస్సోరిలో. నీకెలా తెలుసన్న ప్రశ్నకు ఆయన రాసుకున్న జవాబు: మా నాయనమ్మ చెప్పేది.

అంటే 1907 నాటికే అది విన్న మాట. మళ్లీ ఫోన్ చేయడానికి నాకు వారం పట్టింది. ఆవిడ మాత్రం తేలిగ్గానే తీసుకుంది. "మరి ఆ నాయనమ్మ పేరు ఉందా?" అని అడిగింది. ఉంది. పేరు, పుట్టిన ఊరు, తొమ్మిదిమంది తోబుట్టువులు. వేరే ఏ కాగితంలోనూ మాకు దొరకనివి.

కాబట్టి క్రమం ఇది:

- దరఖాస్తు నంబర్ దొరకగానే ముందు నిర్ణయం ఏమిటో చూడండి. "అడ్మిటెడ్", "రిజెక్టెడ్" అన్న మాటల కోసం వెతకండి.
- తిరస్కరిస్తే కారణం చదవండి.
- తర్వాత బంధుత్వాల వివరాలన్నీ రాసుకోండి, "విన్నది" గడిలో.
- తోబుట్టువుల దరఖాస్తులు కూడా తెరవండి. ఒకరు మర్చిపోయింది ఇంకొకరు రాస్తారు.

## 8. తరచూ చేసే తప్పులు, దిద్దుబాట్లు

ఒకే పేరు, ఇద్దరు మనుషులు. పేరు, వయసు కలిస్తే చాలదు. భార్య లేదా భర్త పేరు, ఒక బిడ్డ పేరు, ఊరు, వీటిలో కనీసం రెండు కలవాలి.

ఆన్‌లైన్ చెట్టును దించుకోవడం. ఒకరు తప్పు రాస్తే వందమంది ఎత్తిరాసుకున్న చెట్లు అవి. ఆనవాలుగా వాడుకోండి, ఆధారంగా కాదు.

"మా అవ్వ చెరోకీ రాకుమారి." చెరోకీలకు రాజులూ లేరు, రాకుమార్తెలూ లేరు. ఈ మాట వినగానే కథను కొట్టిపారేయక్కర్లేదు గానీ, గుర్తుపెట్టుకుని నడవండి.

"మావాళ్లు రోల్‌లో చేరడానికి ఒప్పుకోలేదు." ఎదిరించినవాళ్లున్న మాట నిజమే. రెడ్‌బర్డ్ స్మిత్ నాయకత్వంలో నైట్‌హాక్ కిటూవాలు అనే సంప్రదాయవాద చెరోకీలు ఎదురుతిరిగారు. కానీ ఆయనను 1902లో జైల్లో పెట్టి మరీ నమోదు చేశారు. ఎంతోమందిని చుట్టుపక్కలవాళ్ల సాక్ష్యంతోనే చేర్చారు. మీవాళ్లు నిజంగా అక్కడ ఉంటే ముందటి జాబితాల్లోనైనా కనిపించాలి. 1880, 1896 చూడండి.

ఒక్క స్పెల్లింగుతోనే వెతకడం. చెరోకీ పేరును ఇంగ్లిష్ గుమస్తా తన చెవికి తోచినట్టు రాశాడు. ఇంటిపేరు తీసేసి మొదటి పేరు, వయసు, ఊరుతో వెతకండి.

క్లాన్ కోసం కాగితాలు తిరగేయడం. క్లాన్‌లు ఏడు. మన గోత్రంలాగే ఒకే క్లాన్‌లో పెళ్లి నిషిద్ధం. కానీ గోత్రం తండ్రి నుంచి వస్తే, క్లాన్ తల్లి నుంచే వస్తుంది. డాస్ కార్డులో దానికి గడే లేదు. వరసగా ఆడవాళ్ల పరంపరలో ఎవరికైనా గుర్తుంటే తప్ప తెలుసుకునే దారి లేదు. మీకు నచ్చింది ఎంచుకోవద్దు.

## 9. డీఎన్ఏ టెస్ట్ చేయిద్దామా?

చుట్టాలను కనుక్కోవడానికి అయితే చేయించండి. మీతో కలిసిన దూరపు బంధువు చెట్టులో డాస్ రోల్ మనిషి ఉంటే అదొక దారి. ఫలితంలో వచ్చే శాతం మాత్రం ఏ తెగదో చెప్పలేదు. పౌరసత్వానికి ఆ శాతాన్ని మూడు తెగల్లో ఏదీ ఒప్పుకోదు. ఈస్టర్న్ బ్యాండ్ అడిగే డీఎన్ఏ టెస్ట్ వేరు. అది బిడ్డకు తల్లి ఎవరు, తండ్రి ఎవరు అని తేల్చేది.

సున్నా వచ్చిందని ఏడవకండి. ఆరేడు తరాల వెనకటి ఒక్క పూర్వీకుడి అంశ మన దాకా రాకపోవచ్చు. రెండు శాతం వచ్చిందని మిఠాయిలూ పంచకండి.

## 10. ఫోల్డర్ సర్దడం

పౌరసత్వానికి దరఖాస్తు చేసేట్టయితే రోల్‌లో ఉన్న మనిషి దాకా ప్రతి తరానికీ ఒక బంధం కాగితం కావాలి. రాష్ట్రం ఇచ్చిన, ముద్ర ఉన్న పూర్తి ప్రతులే పంపాలి. ఫోన్‌లో తీసిన ఫొటోలు పనికిరావు. దత్తత జరిగి ఉంటే జన్మనిచ్చిన తల్లిదండ్రుల కాగితాలు సీలులో ఉండొచ్చు, దానికి కోర్టు అనుమతి కావాల్సి రావచ్చు. ఆ పని ముందే మొదలుపెట్టండి, నెలలు పడుతుంది.

కిందనుంచి పైకి ఈ వరసలో పెట్టండి:

- 1వ అంకె మనిషి పుట్టిన సర్టిఫికెట్
- తల్లి లేదా తండ్రిది, పేరు మారితే పెళ్లి సర్టిఫికెట్
- వాళ్ల పైవాళ్ల పుట్టుక లేదా మరణ సర్టిఫికెట్
- డాస్ కార్డు లేదా బేకర్ రోల్ పేజీ, నంబర్ కింద పెన్సిల్ గీతతో
- ఎక్కడ వెతికారు, ఏం దొరకలేదు అన్న జాబితా, తేదీలతో

ఈ చివరి కాగితాన్ని చిన్నచూపు చూడొద్దు. మా ఫోల్డర్‌లో అది నాలుగు పేజీలైంది. డ్రెన్నెన్‌లో లేరు, చాప్‌మన్‌లో లేరు, 1835లో లేరు. ఇప్పుడు వియ్యపురాలు ఆ నాయనమ్మ పుట్టిన ఊరి భూమి పత్రాలు తిరగేస్తోంది. మొన్న ఫోన్‌లో ఏదో చేతిరాత చూపించి "ఇది ఎస్సా, ఎఫ్ఫా?" అని అడిగింది. నాకూ తెలియలేదు.